ఫైల్లో మొదటి లైను

పాస్‌వర్డ్ సరిగానే కొట్టింది రాహేలు. తెర ఒక్క క్షణం నల్లబడింది. డెస్క్‌టాప్ వస్తుందిలే అనుకునేలోపు, మళ్లీ పాస్‌వర్డ్ అడిగే గడే వచ్చి కూర్చుంది. ఇది పద్నాలుగోసారి.

తప్పు కొడితే తప్పని చెబుతుంది. ఇప్పుడు అదీ చెప్పడం లేదు. రమ్మని పిలిచి, గడపలో కాలు పెట్టగానే బయటికి నెట్టేస్తోంది.

"ఇంకెంతసేపమ్మాయ్? ఆపరేషన్ డాక్టరు ఒంటిగంటకి లేచిపోతాడంట," బెంచీ మీంచి గురవమ్మ అడిగింది. ఆయనకి చూపించాల్సిన రక్తపరీక్ష రిపోర్టు కోసమే పొద్దున్నే నూజెండ్లలో బస్సెక్కి నరసరావుపేట వచ్చింది ఆవిడ. ఆవిడ ఒక్కదానిదే కాదు, శనివారం ఈ ల్యాబులో రక్తమిచ్చిన ఇరవైమంది రిపోర్టులూ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి.

"వస్తది పిన్నమ్మా, కూర్చో," అంది రాహేలు. అంతకు మించి మాట్లాడే ఓపిక లేదు ఆమెకి.

అద్దాల గదిలోంచి ల్యాబు ఓనరు బాబూరావు బయటికొచ్చాడు.

"ఏందమ్మా ఇది? శనివారం దాకా లక్షణంగా ఉన్న కంప్యూటరు సోమవారానికి ఎట్టా చెడిద్ది?"

"నేనేం చేయలేదు సార్. శనివారం సాయంత్రం ఆపేసి ఇంటికి పోయా, అంతే."

"దాని ముందు కూర్చునేది నువ్వు. పాస్‌వర్డ్ నీది. నువ్వు కాకపోతే నేను చేశానా?"

పాస్‌వర్డ్ ఆమెదే. కానీ అది మానిటర్ అంచున చీటీ మీద, దారినపోయేవాడికి కూడా కనబడేలా అతికించి ఉంది. అలా అతికించమన్నది బాబూరావే.

"ఇయ్యాల ఇది తేలకపోతే మెమో ఇచ్చి పంపిస్తా. ఊరికే అనుకోబాక," అనేసి ఆయన గదిలోకి వెళ్లిపోయాడు.

మెమో చేతపట్టుకుని ఇక్కణ్నుంచి బయటికెళితే, ఈ ఊళ్లో మరో ల్యాబువాళ్లు గుమ్మం కూడా ఎక్కనివ్వరు. ఆ సంగతి రాహేలుకి బాగా తెలుసు. భయపడాల్సిన మాటే కానీ, నాలుగు గంటలుగా ఆ తెర ముందు కూర్చుని ఉన్న మనిషికి భయపడ్డానికి కూడా శక్తి ఉండాలి కదా.

కంప్యూటర్లు బాగుచేసే జయపాల్ పదకొండున్నరకి వచ్చాడు. మాచర్ల నుంచి బస్సులో నిలబడే వచ్చాడట. మంచినీళ్లు తాగి, చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, ఏవో మూడు మీటలు కలిపి నొక్కాడు. బొమ్మలేవీ లేని నల్లటి తెర, మీద తెల్లటి అక్షరాలు. అదే పాస్‌వర్డ్‌తో ఈసారి లోపలికి రానిచ్చింది.

"చూశావా చెల్లెమ్మా, పాస్‌వర్డ్ మంచిదే, మెషీనూ మంచిదే. మనం లాగిన్ కాగానే ఇది ఒక ఫైలు చదువుద్ది. అందులో రాసినయ్యన్నీ వరసగా చేసుకుంటా పోయి, ఆఖర్న డెస్క్‌టాప్ లేపుద్ది. ఆ ఫైల్లో ఎవురో చెయ్యి పెట్టారు."

"ఏం చేశారన్నా?"

"కింద ఒక లైను రాశారు. లాగిన్ కాగానే రిపోర్టుల ప్రోగ్రాము దానంతటదే తెరుచుకోవాలని. ఏదో వీడియో చూసి బానే రాశారు, తప్పేం లేదు. తంటా అంతా పైనున్న లైనుతో. అది మెషీనుకి పని చెప్పే కమాండు కాదు. మొదట్లోనే అర్థంకాని మాట తగిలేసరికి ఇది చదవడం మానేసి మనల్ని బయటికి తోస్తంది."

జయపాల్ ఆ పై లైనుని రెండుసార్లు చదివాడు. రాహేలు వైపు చూశాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

రాహేలు వంగి చదివింది. "నేను రాసే మాటేనా అన్నా అది?" అంది నీరసంగా.

జయపాల్ నవ్వబోయి ఊరుకున్నాడు. "టైము కూడా ఉంది. శనివారం మద్దేనం రెండూ పది."

"అప్పుడు నేను వెనక గదిలో అన్నం తింటన్నా."

"అందరూ అన్నమే తింటంటారు," గదిలోంచే అరిచాడు బాబూరావు. "ముందు పని కానీయండయ్యా!"

జయపాల్ ఆ లైనుకి ముందు ఒక చిన్న గుర్తు పెట్టాడు. "కొట్టెయ్యను. ఈ గుర్తుంటే మెషీను దాన్ని వదిలేసి కిందికి పోద్ది. ఎవురిదో తేలేదాకా ఉండనీ."

పదిహేనోసారి పాస్‌వర్డ్ కొట్టింది రాహేలు. తెర నల్లబడింది. ఆమె కళ్లు మూసుకుంది. తెరిచేసరికి డెస్క్‌టాప్ వచ్చేసింది, వెనకే రిపోర్టుల ప్రోగ్రాము కూడా తెరుచుకుంది.

మొదటి ప్రింటు గురవమ్మదే. "నీ కడుపు చల్లగుండ తల్లీ," అంటూనే ఆవిడ ఆటో కోసం పరుగెత్తింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే తీసుకుని వెళ్లిపోయారు.

ఇక ఒడ్డున పడ్డట్టే అనుకుంది రాహేలు. బాబూరావు మాత్రం వదల్లేదు. తెల్లకాగితం ఒకటి తీసి, నిలబడే గబగబా రాసి, ఆమె ముందు పడేశాడు.

"చదివి సంతకం పెట్టు. రేపట్నుంచి రావొద్దు."

"అన్నీ ఇచ్చేశాంగా సార్!"

"ఇచ్చాం. ఇంతమందిలో నా పరువు పోయింది గదా! మెషీన్లో చెయ్యి పెట్టి చెడగొట్టినోళ్లని నేను ఉంచుకోను."

రాహేలుకి ఏడుపు కూడా రాలేదు. ఎప్పుడు ఇంటికెళ్లి పడుకుంటానా అనే ఉంది. సంతకం చేద్దామని పెన్ను తీసుకుంది. కాగితం పైనుంచి చదవడం మొదలుపెట్టి, పెన్ను కింద పెట్టేసింది.

"అన్నా, ఆ ఫైలు ఇంకోసారి తెరువు."

జయపాల్ తెరిచి మానిటర్‌ని బాబూరావు వైపు తిప్పాడు. రాహేలు మెమో తీసుకెళ్లి దాని పక్కనే పెట్టింది.

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో, కాగితం మీద తెలుగులో, మొదటి లైను ఒకటే: "॥ శ్రీ త్రికోటేశ్వరస్వామి ప్రసన్నః ॥"