ఆదెప్పకొచ్చిన మెయిలు

"నిన్ను చంపమని నన్ను కుదుర్చుకున్నారు. కుదుర్చుకున్నది పరాయివాడు కాదు, నీకు బాగా కావలసిన మనిషే. కొన్నాళ్లుగా నీ వెంటే తిరుగుతున్నాను. నువ్వు మంచివాడివని తెలిశాక చంపడానికి మనసొప్పలేదు. నాకు డబ్బు పంపితే ఆ మనిషెవరో చెబుతాను."

ఇంగ్లీషులో ఉన్న ఆ మెయిలు చదివి ఓబన్న నెట్ సెంటర్లోంచి చెప్పా పెట్టకుండా లేచి వచ్చేశాడు.

మెయిలు వచ్చింది అతని అన్న ఆదెప్పకు. ఆదెప్పకు ఇంగ్లీషు రాదు, కంప్యూటరంటే గిట్టదు. చీనీకాయలు, అంటే బత్తాయిలు, కొనే బెంగళూరు వ్యాపారుల కోసం ఒక అడ్రసు పెట్టించుకున్నాడు గానీ, దాన్ని తెరిచేదీ చదివేదీ డిగ్రీ దాకా చదివిన తమ్ముడే. వానలు మొహం చాటేసి తన వాటా తోట నిలువునా ఎండిపోయినప్పటి నుంచీ ఓబన్నకు తిండీ పనీ రెండూ అన్న దగ్గరే. ఆదెప్ప బోరులో మాత్రం ఈ రెండు వేల ఏడు ఎండాకాలంలో కూడా నీళ్లున్నాయి.

అన్న వాకిట్లోనే ఎదురయ్యాడు.

"ఏమిరా, బెంగళూరోల్లు ఏమన్నా రాసినారా?"

"లేదన్నా."

"అట్ల చెమటలు కారతాండాయేమిరా? ఎండలో తిరగొద్దంటే వినవు. లోపలికి పోయి మజ్జిగ తాగుపో."

మజ్జిగ తాగకుండానే పక్కన పెట్టేశాడు. అన్న ముఖంలోకి చూసే ధైర్యం కూడా లేకపోయింది ఓబన్నకు. తెల్లారితే ఆదెప్ప చీనీ అంటుమొక్కలు చూడటానికి బత్తలపల్లెకు పోవాలి. మోటారు సైకిలు మీద, ఒక్కడే. పోనివ్వాలా? ఏదో ఒక సాకు చెప్పి ఆపాలా? ఆపితే ఎందుకని అడుగుతాడు. అడిగితే ఏం చెప్పాలి?

ఇంట్లో ఉండలేక మళ్లీ యాడికి ఊరి బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకే పోయాడు. దాన్ని నడిపే ఆరీఫాకు మెయిలు చూపించాడు. ఆమె అంతా చదివి, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నగుతావేమి ఆరీఫా, ప్రాణం మీదికొచ్చింటే?"

"ఇది చెత్త మెయిలన్నా. లాటరీ తగిలిందని వస్తాంటాయి చూడు, అట్లాంటిదే."

"లాటరీ తగిలిందని చెప్పేటోడు చంపుతానంటాడా?"

"ఆశకు పడనోల్లు భయానికి పడతారు కదా."

"మా అన్న అడ్రసు వానికెట్ల తెలిసింది? ఆయప్ప విజిటింగు కార్డు మీద ఉండాది, నిజమే. ఇయ్యకూడని మనిషికి ఇచ్చినానేమో."

"పండ్ల మండీ వాళ్ల వెబ్‌సైటులో కూడా ఉండాది కదన్నా. ఆడ ఏరుకోనింటారు."

"ఈ పక్కోడే ఎవుడన్నా, చదువుకున్నోనితో రాయించింటే?"

ఎంత చెప్పినా ఓబన్న నమ్మేలా లేడు. ఆరీఫా ఇక వాదించలేదు. చెత్త మెయిళ్ల బెడద పడినవాళ్లకు సాయం ఎక్కడ దొరుకుతుందో వెతకడం మొదలుపెట్టింది. ఒక్కో పేజీ నిదానంగా తెరుచుకుంటోంది. బోరు వేయించేటప్పుడు నీళ్ల కోసం చూసినట్టు ఓబన్న కళ్లార్పకుండా చూస్తున్నాడు. మధ్యలో కరెంటు పోయి, అంతా మళ్లీ మొదటికొచ్చింది.

చివరికి చెత్త మెయిళ్ల మీద పోరాడేవాళ్లు నడిపే సైటు ఒకటి దొరికింది. జనం తమకొచ్చిన మెయిళ్లను తెచ్చి అక్కడ పెడతారు. తెలిసినవాళ్లు చూసి అవి ఉత్తుత్తివో కాదో చెబుతారు. ఆరీఫా మెయిల్లోంచి ఒక వాక్యం తీసి అక్కడ వెతికింది.

అదే మెయిలు. అవే మాటలు, అవే తప్పులు. కెనడాలో ఒక పంతులమ్మకు వచ్చింది. ఆస్ట్రేలియాలో ఒక పళ్ల డాక్టరుకు వచ్చింది.

"ఇంతమందిని ఎప్పుడు చంపాలప్పా వీడు, పాపం," అంది ఆరీఫా.

ఓబన్న తెర మీద వేలు పెట్టి మాట మాటా పోల్చుకున్నాడు.

"కావలసిన మనిషే అని రాసినాడే? అది ఊరికే రాస్తారా?"

"పంతులమ్మకూ అదే రాసినాడు చూడు. కావలసినోల్లు ఎవురికి ఉండరన్నా?"

"అయితే వీడు మా అన్నను చూడనే లేదంటావు."

"మీ అన్ననే కాదు, అనంతపురం జిల్లా యాడుందో కూడా వానికి తెలీదు. ఫిర్యాదు చేసేదానికి ఈడ అడ్రసు ఇచ్చినారు. పంపిద్దునా?"

"వద్దు వద్దు. పోలీసోల్లు ఊర్లోకొస్తే లేనిపోని రచ్చ. ముందు దాన్ని తీసెయ్యి. అన్న చెవిన పడకూడదు."

ఆరీఫా మెయిలును తీసేసింది. ఆ మనిషి మళ్లీ రాసినా చేరకుండా అడ్డం కూడా పెట్టింది.

ఓబన్నకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. పొద్దుటి నుంచి మెతుకు ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"రేపు మీ అన్న నిమ్మళంగా బత్తలపల్లెకు పోయిరావచ్చు," అంది ఆరీఫా.

"పోతాడులే. నీ మేలు మర్చిపోను ఆరీఫా."

బయట ఎండ మండిపోతోంది. బస్టాండు పక్కన ఉన్న కాయిన్ బాక్సు ఫోను దగ్గర ఎవరూ లేరు. ఓబన్న అటూ ఇటూ చూసి, బిళ్ల వేసి నంబరు నొక్కాడు.

"ఈరప్పా, నువ్వే మాట తప్పి మా అన్నకు రాసినావని అనుమానపడితి, తప్పు నాదేలేప్పా," అన్నాడు గొంతు తగ్గించి, "రేపు పొద్దున బత్తలపల్లె దావలో ఒక్కడే వస్తాడు, అనుకున్నట్లే కానియ్యి."