అగ్నిపర్వతానికి అడ్డుపుల్ల

“నువ్వు రావట్లేదు. నీ బదులు నా ఫ్రెండు దత్తాత్రేయ వస్తున్నాడు. టికెట్లు కూడా తీసేశాం.”

ఇవాళ కూరేం వండావని అడిగినంత తేలిగ్గా అన్నాడు సుశాంత్, కాలేజీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ. రాగసుధ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆమె ముందు బల్ల మీద బాలి దీవి మ్యాపు పరిచి ఉంది.

“అదేంటండీ! మనిద్దరం కదా వెళ్దామనుకుంది?”

“రెండు గంటలు బూడిదలో, రాళ్లలో ఎక్కాలి. వేదాద్రి గుడి మెట్లకే ఆయాసపడతావు నువ్వు. మధ్యలో కూలబడితే నిన్ను మొయ్యనా, కొండ చూడనా? ఫొటోలు తెస్తాలే.”

రాగసుధ జగ్గయ్యపేట హైస్కూల్లో సోషల్ టీచరు. ఏటా బోర్డు మీద కొండ గీసి, దాని నెత్తిన గుంట గీసి, అందులో నీలం సుద్దతో సరస్సు నింపి, “నిప్పు కక్కిన నోట్లోనే ఇలా నీళ్లు నిలుస్తాయర్రా” అని చెబుతుంది. ఆ నీళ్లు ఒక్కసారి కళ్లారా చూడాలన్నది ఆమె కోరిక. బాలిలోని బాతూర్ అగ్నిపర్వతం ఎక్కడానికి ఆర్నెల్లు కూర్చుని ప్లాన్ వేసింది ఆమే. ఏ దారిన ఎక్కాలి, గైడు ఎవరు, ఎన్నింటికి మొదలెడితే తెల్లారేసరికి పైనుంటాం, సరస్సు ఏ అంచు నుంచి బాగా కనబడుతుంది, అన్నీ ఆమే వెతికి రాసుకుంది.

“ఆ ప్లానంతా నీట్‌గా రాసి పెట్టు,” అన్నాడు సుశాంత్ బాత్రూంలోకి వెళ్తూ. “దత్తుగాడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. తెలుగులో రాస్తే ఇంకా మంచిది.”

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. రాగసుధకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఏడవలేదు. ఏడిస్తే పగ పలచబడుతుంది. తెలుగులోనే రాసిచ్చింది, గుండ్రటి అక్షరాలతో అయిదు పేజీలు.

ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో ఆమె అంత నవ్వుతూ ఎప్పుడూ తిరగలేదు. కొత్త బూట్లు తనే ఎంపిక చేసింది. చలికోటు ఇస్త్రీ చేసింది. కాలేజీలో సెలవు దొరికిందని అతను చెబితే స్వీట్ చేసి పెట్టింది. ఎంత ఎత్తుకు ఎక్కనిస్తే పడ్డప్పుడు అంత దెబ్బ తగులుతుందని ఆమె లెక్క. సుశాంత్ మాత్రం పెళ్లాం ఎంత సర్దుకుపోయే మనిషో అని స్టాఫ్ రూంలో చెప్పుకుని మురిసిపోయాడు.

బయల్దేరే రోజు పొద్దున తొమ్మిదింటికి నందిగామలో వాళ్ల ఇంటి ముందు కారు ఆగింది. లోపలి నుంచి దత్తాత్రేయ హారన్ కొట్టాడు. సుశాంత్ వీపుకు సంచి తగిలించుకుని తల్లి ప్రసూనాంబ కాళ్లకు దండం పెట్టడానికి వంగాడు.

సరిగ్గా అప్పుడు రాగసుధ తలుపు చాటు నుంచి మెల్లిగా అంది.

“అత్తయ్యా, నాకు నెల తప్పింది.”

వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ప్రసూనాంబ కోడలి మొహంలోకి చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత కొడుకు వీపు మీది సంచి పట్టుకుని లాగేసింది.

“బూట్లు విప్పరా. పెళ్లాం కడుపుతో ఉంటే మొగుడు కొండ ఎక్కకూడదు. సముద్రస్నానం కూడా పనికిరాదు.”

“అమ్మా, అది తిరుపతి లాంటి కొండలకి. ఇది అగ్నిపర్వతం!”

“నిప్పు కక్కే కొండా? అయితే మరీ కూడదు.”

“అదైనా అయిదో నెల నుంచి కదమ్మా!”

“మనింట్లో మొదటి రోజు నుంచే. నీకు బిడ్డ కావాలా, కొండ కావాలా? అది చెప్పు ముందు.”

సుశాంత్ కాళ్లీడ్చుకుంటూ కారు దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు. దత్తాత్రేయ కారు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“అదృష్టవంతుడివిరా! సరే, నేను వెళ్లొస్తా. చెల్లెమ్మా, ఆ కాగితాలు ఇటివ్వమ్మా.”

కారు హైవే ఎక్కి జగ్గయ్యపేట వైపు వెళ్లిపోయింది. అది కనబడినంతసేపూ సుశాంత్ గేటు పట్టుకుని నిలబడ్డాడు. రాగసుధ అతని పక్కకొచ్చి మెత్తగా అంది.

“దిగులు పడకండి. ఫొటోలు తెస్తాడులెండి.”

ఆ మాట అన్నాక నెల రోజుల కడుపుమంట కాస్త చల్లారింది. కాఫీ కలుపుకుందామని హాయిగా వంటింట్లోకి నడిచింది. వెనకే ప్రసూనాంబ వచ్చింది.

“పోయిన శుక్రవారం దీపం పెట్టమంటే ‘నాకు వీల్లేదు అత్తయ్యా’ అని దూరంగా కూర్చున్నావు. ఆరు రోజుల్లో నెలెలా తప్పిందే?”

రాగసుధ గ్లాసు కింద పెట్టేసింది. మొగుడికి ఈ సంగతి చేరితే జన్మంతా దెప్పుతాడు.

“తప్పయిపోయింది అత్తయ్యా. మరి... తెలిసి కూడా ఆయన్నెందుకు ఆపారు?”

“నువ్వు ఆర్నెల్లు కూర్చుని రాసుకున్న కాగితాలు చంకన పెట్టుకుని, నిన్నొదిలేసి ఊరేగుతానంటే ఊరుకోమంటావా? వాడి సంగతి సరే, నువ్విక ఆలస్యం చెయ్యకు. మహా అయితే రెండు నెలలు దాగుతుంది.”

“దేనికి ఆలస్యం?”

ప్రసూనాంబ హాల్లో పేపరు చదువుకుంటున్న భర్త వైపు ఓసారి తొంగి చూసి, గొంతు బాగా తగ్గించింది.

“మీ మామయ్య నాచేత పెట్టె సర్దించి, నన్నొదిలేసి స్నేహితులతో శ్రీశైలం బయల్దేరినప్పుడు నేనూ ఈ అబద్ధమే ఆడా. దాన్ని నిజం చెయ్యడానికి హడావిడిగా కన్నదే మీ ఆయన్ని.”