పట్టు తప్పిన పొడి

"ఇవాళ స్కాన్లు లేవు. అందరూ ఇళ్ళకెళ్ళండి" అంది టెక్నీషియన్.

వరసలో మొదట కూర్చున్న పెద్దాయన కదల్లేదు. ఆయన కూతురే లేచింది.

"నెల్లాళ్ళు ఎదురుచూస్తే దొరికిన తేదీ మేడమ్. ఈ గుండె స్కాన్ చూస్తే గానీ ఆపరేషన్ సంగతి తేల్చనన్నారు డాక్టరు గారు."

"నేనేం చెయ్యనమ్మా? మందు పాడైంది."

"ఏమైందమ్మా?" అన్నాడు పెద్దాయన.

పేషెంట్ల ప్రశ్నలంటేనే ఆమెకు తలనొప్పి. అయినా ఆయన ముఖం చూసి, బళ్ళో పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"లోపల సీసపు డబ్బా ఉంది బాబాయ్ గారూ. దాని గొట్టంలో తెల్లటి పొడి. రేడియేషన్ పదార్థాలు రెండుంటాయి, తల్లీ పిల్లా అంటాం. పొడి తల్లిని గట్టిగా పట్టుకోవాలి. ఉప్పునీళ్ళు పంపితే పిల్ల ఒక్కటే దిగిరావాలి. అదే మీకెక్కించే మందు. ఇవాళ తల్లి కూడా దిగింది."

ఆయన బుద్ధిగా తలూపాడు.

"కాస్తే కదా మేడమ్, ఎక్కించేయండి" అని బతిమాలింది కూతురు.

"వద్దమ్మా. తల్లి కలిస్తే ఎక్కించకూడదు" అన్నాడు పెద్దాయనే.

"పోనీ, ఇంకో ఆసుపత్రికి వెళ్తాం."

"ఎక్కడికెళ్ళినా ఇదే ఫ్యాక్టరీ డబ్బా, ఇదే పొడి. కొత్త డబ్బాకి వారం పడుతుంది. రాగానే మొదటి ఫోను మీకే చేస్తా."

అంతకుమించి ఆమె చేతుల్లో ఏమీ లేదు. అందుకే ఆమెకు ఒళ్ళు మండింది.

పెద్దాయన లేవబోయి ఆగాడు. "పొడి పట్టు ఎందుకు తప్పిందంటావమ్మా?"

"ఫ్యాక్టరీలో ఆ పొడిని కొలిమిలో సరిగ్గా కాల్చకపోతే అంతే. ఎవడో చేతకానివాడికి అప్పగించి ఉంటారు. వాణ్ణి తెచ్చి ఈ వరసలో కూర్చోబెట్టాలి, అప్పుడు తెలుస్తుంది!"

"నిజమేనమ్మా" అన్నాడాయన. కూతురి భుజం పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

వారం తర్వాత ఫ్యాక్టరీ మనిషి కొత్త డబ్బా తెచ్చాడు.

అన్న మాట ప్రకారం ఆమె ముందు పెద్దాయన ఇంటికే ఫోన్ చేసింది.

"నాన్న మొన్న పోయారండీ" అంది కూతురు.

ఆమె ఫోన్ పెట్టేసింది. ఎదురుగా ఉన్న ఫ్యాక్టరీ మనిషి మీద విరుచుకుపడింది.

"మీ పొడి పుణ్యమా అని ఒక మనిషి పోయాడయ్యా! గుండె స్కానుకని వచ్చి, ఉత్తచేతులతో వెళ్ళాడు."

"తెలుసు మేడమ్. మేమంతా ఆయన్ని సాగనంపే వచ్చాం" అన్నాడతను తలవంచుకుని.

"నీకెలా తెలుసు?"

"పాతికేళ్ళుగా ఆ పొడి కాల్చింది ఆయనే మేడమ్, ఆయన జబ్బుపడి పని మానేశాక మేం కాల్చిందే పోయినసారి మీకొచ్చింది."