గదికి ఇద్దరు

"మళ్లీ నా మంచం మీద తడి తువ్వాలు వేశావు" అంది తల్లి.

"ఆరేశానమ్మా. అక్కడైతే ఫ్యాను గాలి తగులుతుంది."

"ఆరెయ్యడానికి పెరట్లో తీగ ఉంది. పరుపు చూడు, పిండితే నీళ్లొచ్చేలా ఉంది. మెడిసిన్ పూర్తిచేసినదానివి, ఈ ఒక్కటీ ఎప్పుడు నేర్చుకుంటావే?"

"రేపు పొద్దున్నలోగా పీజీ ఆప్షన్లు పెట్టాలి. మొదట ఏది పెడితే మూడేళ్లూ అక్కడే. ఎటు వెళ్లాలో తెలియక నేను చస్తుంటే నీకు తువ్వాలు గోలా?"

తండ్రి పేపరు దించకుండానే, ఇంట్లో ఇద్దరు డాక్టర్లున్నా తనకు తలనొప్పి మాత్ర మాత్రం వేళకు దొరకదని నిట్టూర్చాడు. ఎవరూ పట్టించుకోలేదు.

తల్లి తువ్వాలు తీగ మీద వేసి వచ్చి, ల్యాప్‌టాప్ ముందున్న కూతురి పక్కకు కుర్చీ లాక్కుంది. ఈ మధ్య ఆవిడకిదే పని. పీజీ పరీక్షకి తోడు వెళ్లిన రోజూ అంతే, కూతురితో సమానంగా డస్సిపోయి వచ్చింది. బయట కూర్చున్నందుకే ఇంత నీరసమా అని భర్త వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకుంది.

కూతురి ర్యాంకు మంచిదే. చిక్కల్లా ఎంచుకోవడంలోనే. పెద్ద హాస్పిటల్ వెబ్‌సైట్ తెరిస్తే ఫౌంటెన్, దాని వెనక అద్దాల మేడ, డైరెక్టర్‌గారి సందేశం. శిక్షణ ప్రపంచస్థాయిదట. వారానికి నైట్ డ్యూటీలెన్నో లేదు. సెలవుల మాట లేదు. ఆపరేషన్ చేతికిస్తారో, పక్కన నిలబెట్టి చూడమంటారో అసలే లేదు.

రెండో హాస్పిటల్ పేజీ నిండా నవ్వుతున్న జూనియర్ డాక్టర్లు.

"ఇక్కడ అందరూ హాయిగా ఉన్నట్టున్నారు" అంది కూతురు.

"ఈ చివరి పిల్ల ఇందాకటి హాస్పిటల్లోనూ నవ్వుతోంది. పైగా స్టెతస్కోపు తిరగేసి పెట్టుకుంది, దానికేం వినపడుతుంది?"

కూతురు వెనక్కి వెళ్లి చూసింది. అదే పిల్ల, అదే నవ్వు.

మూడోది చిన్న హాస్పిటల్. పేజీలో ఒక్క బొమ్మ లేదు, రంగూ లేదు. కూతురు మూసెయ్యబోతే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. నైట్ డ్యూటీలెన్నో, మర్నాడు ఎప్పుడు వదిలిపెడతారో, కిందటేడు మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారో కూడా అందులో ఉంది. హాస్టల్లో గదికి ఇద్దరని, ఎండాకాలం పై అంతస్తుకి నీళ్లు ఎక్కవని కూడా రాశారు.

"నీళ్లు రావని చెప్పినవాళ్లు మిగతాది దాస్తారా?" అంది తల్లి.

అయినా మూడింటికీ ఫోన్ చేయించింది. పెద్ద హాస్పిటల్ ఫోన్లో సంగీతం మోగి మోగి ఆగిపోయింది. రెండోవాళ్లు అన్నీ వెబ్‌సైట్లో ఉన్నాయని పెట్టేశారు. చిన్న హాస్పిటల్లో పీజీ ఆఖరి ఏడు చదువుతున్నావిడ ఎత్తింది. ఆ పేజీ రాసేది తామేనని, ఏటా కొత్తగా చేరినవాళ్ల చేత అందులో తప్పులు పట్టిస్తామని ఓపిగ్గా చెప్పింది. కూతురి ప్రశ్నలన్నీ అయ్యాక తల్లి ఫోన్ లాక్కుని, వయసు పరిమితి ఏమైనా ఉందా అని అడిగింది.

"నాకు పాతికేళ్లమ్మా. పరువు తీశావు" అంది కూతురు, ఫోన్ పెట్టగానే.

"అదొక్కటే వాళ్లు రాయడం మర్చిపోయారు. అడగొద్దూ?" అంది తల్లి తృప్తిగా. "ఏమీ లేదట."

భోజనాల దగ్గర కూతురు తన నిర్ణయం చెప్పింది. మొదటి ఆప్షన్ ఆ చిన్న హాస్పిటలే. తండ్రి సంతోషించాడు. కానీ ముక్కూ మొహం తెలియని మనిషితో ఒకే గదిలో సర్దుకోగలదా అని ఆయనకో బెంగ.

"ఎవరైతేనేం నాన్నా, తువ్వాలు తువ్వాలని నా వెంట పడేవాళ్లు మాత్రం ఉండరు" అంది కూతురు.

తల్లి ఇద్దరి గ్లాసుల్లోనూ నీళ్లు పోసి, తను కూడా కంచం ముందు కూర్చుంది.

"నా ర్యాంకు నీకన్నా కాస్త వెనకే గానీ, అక్కడ సీటొస్తుంది. ఇందాకే నేనూ మొదటి ఆప్షన్ అదే పెట్టాను" అంది అన్నం కలుపుకుంటూ. "గదిలో రెండో మంచం మీద మాత్రం తడి తువ్వాలు వెయ్యకు."