చెరువు పాట

చిక్కడపల్లిలో గాంధీ శతజయంతి సభ. ధర్మారావు గారు మైకు వదలడం లేదు.

"వల విసిరేవాడిదే చెరువు! తాతల నాటి హక్కును ఎవరు లాక్కున్నా ఊరుకోం!"

హాలంతా చప్పట్లు.

ఊళ్లో చెరువు మీద హక్కు పోయి, అశోక్ నగర్‌లో ఇటుకలు మోస్తున్న పాలమూరు బెస్త బుగ్గయ్యను కార్యకర్తలు వెతికి తెచ్చారు. దండ వేసి, మాట్లాడమన్నారు.

"సారు మాటలింటే కండ్లల్ల నీళ్లొచ్చినయ్. ఇగ మా చెరువు మాకు ఇడుస్తరు గదా! సర్కారు వేలంపాటల దాన్ని పాడుకున్నది ఈ ధర్మారావు సారే."

ధర్మారావు గారు నవ్వుతూ మైకు అందుకున్నారు.

"మన బుగ్గయ్య చక్కగా మాట్లాడాడు. ఇప్పుడు జనగణమన పాడుకుందాం. అందరూ లేవండి."

బుగ్గయ్యకూ కదలకుండా నిలబడక తప్పలేదు.