కళ్ళు పెట్టని బొమ్మలు

"ఏమండీ భానుశ్రీ గారూ, వీటికి కళ్ళేవీ?"

సూపరింటెండెంట్ వెంకటకృష్ణారావు అట్టపెట్టెలోంచి ఒక కొండపల్లి బొమ్మను తీసి, అటూ ఇటూ తిప్పి, ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. చీపురు పట్టుకున్న ఆడమనిషి బొమ్మ. చీర అంచు, గాజులు, జడ ముడి అన్నీ ముచ్చటగా కుదిరాయి. కళ్ళుండాల్సిన చోట మాత్రం నున్నటి రంగు తప్ప ఏమీ లేదు.

భానుశ్రీ గబగబా ఇంకో పెట్టె విప్పింది. నిచ్చెనెక్కిన లైన్‌మన్‌కీ లేవు. సూది పట్టుకున్న నర్సుకీ లేవు. పాతిక బొమ్మలూ అంతే.

"చెప్పానా నేను? ఏటా బంగారంలాంటి షీల్డులు తెప్పించేవాణ్ణి. ఫోన్ కొడితే వచ్చిపడేవి. మన జిల్లా వాళ్ళ పనితనం ఉండగా ఆ ప్లాస్టిక్ ఎందుకని కలెక్టర్ గారి ముందు లెక్చరిచ్చారు కదా మీరు! పదకొండింటికి సన్మానం. ఉత్తమ ఉద్యోగుల చేతిలో గుడ్డి బొమ్మలు పెడతామా?"

ఆయన గొంతులో కోపం కన్నా సంబరమే ఎక్కువుంది. అదే ఆమెకి మరీ మండింది. పరిశ్రమల శాఖలో చేరి రెండేళ్ళు కాలేదు. సన్మానాలకిచ్చే జ్ఞాపికలు జిల్లా చేతిపనివాళ్ళ దగ్గరే కొనాలని నానా తంటాలు పడి ఒప్పించింది. ఇది బెడిసికొడితే తన పరువు సంగతి అటుంచి, వచ్చే ఏడు మళ్ళీ షీల్డులే. బొమ్మలు చేసిన నవాబ్ ఇంటికి ప్రభుత్వ ఆర్డరన్న మాటే ఉండదు.

వెంటనే నవాబ్‌కి ఫోన్ చేసింది.

"నవాబ్ గారూ, బొమ్మలకి కళ్ళు లేవేంటండీ!"

అవతల "యా అల్లా!" అని ఆడగొంతు కేక, ఆ వెనకే గిన్నె కింద పడ్డ మోత.

"అయ్యో, ఏమైందండీ?"

"ఏం లేదమ్మా, పొయ్యి మీద పాలు పొంగాయి. అమ్మాయి పురిటికని బందరు వెళ్ళి మా నజీమా రాత్రే వచ్చింది. నెల్లాళ్ళాయె, ఇంకా ఇంటి ధ్యాసలో పడలేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "కళ్ళ సంగతి కదూ మీరడిగేది... అవి ముందే పెట్టకూడదమ్మా."

"పెట్టకూడదా?"

"అదీ... మా ఇంటి ఆనవాయితీ. అంగట్లో అమ్మే బొమ్మకైతే ఇంట్లోనే పెట్టేస్తాం. సన్మానం బొమ్మకి మాత్రం ఆ మనిషి ఎదురుగా కూర్చోవాలి, వాళ్ళ మొహం చూస్తూ పెట్టాలి. బొమ్మ కళ్ళు తెరిచి మొదట చూసేది దాని మనిషినే అవ్వాలి కదమ్మా. మా ఇంట్లో కళ్ళు పెట్టే చెయ్యి నజీమాదే. తనని తీసుకుని ఇప్పుడే బయల్దేరుతున్నా. మీరు కంగారు పడకండి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ! ఇక్కడ నా ప్రాణం పోయింది!"

"చెప్పలేదూ? పురుడు హడావుడిలో మర్చిపోయుంటాను."

భానుశ్రీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. వెంకటకృష్ణారావు వైపు తిరిగి, "అది వాళ్ళ సంప్రదాయమండీ" అంది, తనకి పుట్టినప్పట్నుంచీ తెలిసినట్టు.

పదకొండవుతుండగా దంపతులిద్దరూ కలెక్టరేట్ ముందు ఆటో దిగారు. నవాబ్ చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నాడు. నజీమా చేతిలో సన్న కుంచె, నల్లరంగు సీసా, కాళ్ళకి చూస్తే రెండు రకాల చెప్పులు. పాపం, ఆనవాయితీ కోసం ఎంత పరిగెత్తుకొచ్చారో అనుకుని భానుశ్రీ మంచినీళ్ళిచ్చి వేదిక మీద కూర్చోబెట్టింది.

మొదటి పేరు శౌరమ్మది. వన్ టౌన్‌లో సందులూడ్చే మనిషి. వేరే ఏడైతే షీల్డు చేతిలో పెట్టడం, ఫొటో, దిగిపోవడం, చప్పట్లు మొదలయ్యేలోపే అయిపోయేది. ఇవాళ నజీమా ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"కదలొద్దక్కా."

"అట్టా చూడమాకమ్మా, సిగ్గేస్తంది!"

హాలంతా గొల్లుమంది. పక్కన కలెక్టర్ గారికి నిలబడక తప్పలేదు, నిలబడ్డాక మాట్లాడకా తప్పలేదు. ఏ వీధులు నీవి, వరదొచ్చినప్పుడు ఆ బురదంతా ఎలా ఎత్తారు అని ఆయన అడుగుతుంటే, శౌరమ్మ చెబుతూ చెబుతూ పైట చెంగుతో కళ్ళొత్తుకుంది. నజీమా కుంచె ఆపి కాసేపు ఆమెనే చూసింది. ఆ తరవాత ఆ కళ్ళనే బొమ్మకి పెట్టింది.

"ఓయమ్మో, ఇది నేనే!" అంది శౌరమ్మ, బొమ్మను గుండెకి హత్తుకుని.

పాతికమందికీ అలాగే జరిగింది. భోజనాల వేళ దాటినా ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. వెంకటకృష్ణారావయితే ముందు వరసలోకొచ్చి ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు.

చివర్లో కలెక్టర్ గారు మైకందుకున్నారు. "ఇంతమంది పనిచేస్తున్నారని తెలుసుగానీ, వాళ్ళ మొహాలు ఇంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు నేను. తరతరాల ఈ ఆనవాయితీని కాపాడుకుందాం. ఇక మీదట మన జిల్లాలో ఏ ఆఫీసు సన్మానమైనా ఈ బొమ్మలే, ఇలాగే!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. హమ్మయ్య అనుకుంది భానుశ్రీ. దంపతులకి భోజనం పెట్టించి, గేటు దాకా వచ్చి తనే ఆటో పిలిచింది.

"నవాబ్ గారూ, ఇంత మంచి ఆనవాయితీ మీ ఇంట్లో ఎప్పట్నుంచి ఉందండీ?"

నవాబ్ తప్పుగా పెట్టుకున్న గుండీలు సరిచేసుకోవడంలో మునిగిపోయాడు. నజీమా నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుని, జవాబు తనే చెప్పింది.

"ఇవాళ పొద్దున పాలు పొంగినప్పట్నుంచమ్మా."