రాజీ సంతకం

ఉదయగిరి సభలో దండలు వేస్తుండగానే పెంచలమ్మ మెట్లెక్కి వచ్చి మల్లికార్జునం చేతులు పట్టుకుంది.

"కరోనాలో నా బిడ్డకి ఊపిరాడకుంటే, 'మా అయ్య పంపినాడు' అని ఆక్సిజన్ దించిపోయినారు. నువ్వు లేకుంటే బిడ్డ దక్కేది కాదు నాయనా. మా ఇంట్లో నాలుగు ఓట్లూ నీకే."

"నేనేం చెయ్యలేదమ్మా," అన్నాడు మల్లికార్జునం తల వంచుకుని.

జనం చప్పట్లు కొట్టారు. ఇంత చేసీ చెప్పుకోని మనిషని వేదిక మీదివాళ్లు మెచ్చుకున్నారు.

ఆత్మకూరులో వెల్డింగ్ సామాన్ల కొట్టు ఆయనది. ఆ పాడు వేసవిలో ఆ కొట్లోంచి నలభై ఆక్సిజన్ సిలిండర్లు సంగం, చేజర్ల, ఉదయగిరి దాకా వెళ్లాయి, పైసా తీసుకోకుండా. ఆ పేరే ఆయన్ని కౌన్సిలర్ని చేసింది. ఇప్పుడు ఎమ్మెల్యే టికెట్టూ ఇప్పించింది.

ఇంటికొచ్చేసరికి వరండాలో సుకుమారి కూర్చునుంది. కొట్లో పన్నెండేళ్లు పనిచేసిన వెంగయ్య భార్య. దొంగతనం చేశాడని వెంగయ్య మీద కేసు పెట్టింది మల్లికార్జునమే. ఆ తర్వాత అతన్ని ఎవరూ పనిలో పెట్టుకోలేదు.

"రేపు వాయిదా అయ్యా. రాజీ అని మీరొక్క సంతకం పెడితే కేసు కొట్టేస్తారంట."

"డబ్బేమన్నా కావాలా?"

"డబ్బొద్దు. బళ్లో నా కూతుర్ని దొంగ కూతురంటా ఉండారు. ఆ మాట పోతే చాలు."

"వెంగయ్య ఏమంటున్నాడు?"

"ఏమీ అనడు. నన్నూ నోరెత్తొద్దన్నాడు. మా అయ్య మంచోడే, ఎప్పటికైనా తెలుసుకుంటాడంటాడు."

మల్లికార్జునం భార్య వసంతకుమారి లోపల్నుంచి పెన్ను తెచ్చి ముందు పెట్టింది.

"పెట్టండి. ఈ ఒక్క పనైనా చెయ్యండి."

ఆయన పెన్ను తీసుకున్నాడు. సుకుమారి కాగితం మడత విప్పి మోకాళ్ల మీద సరిచేసి ఇచ్చింది. ఇప్పుడు రాజీ అంటే పత్రికలవాళ్లు ఊరుకోరు. ఏం పోయింది, ఎప్పుడు పోయింది అని తవ్వుతారు.

"ఎలక్షన్ అయిపోనీ సుకుమారీ. తప్పకుండా పెడతాను."

"కౌన్సిలర్ ఎలక్షనప్పుడూ అదే చెప్పినారయ్యా."

ఆమె కాగితం మడిచి కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది. వసంతకుమారి పెన్ను తీసుకుని లోపలికి పోయింది. మూడేళ్లుగా ఎన్నో సంతకాలు పెట్టిన చెయ్యి ఆయనకే పరాయిదిలా తోచింది.

వెంగయ్య దొంగిలించింది ఆ నలభై సిలిండర్లనే.